బరిలో ఇనౌయే, కుర్చీలో ఇనౌయే

2020 ఫిబ్రవరి 27. టోక్యో ఒలింపిక్స్‌కి ఇంకా ఐదు నెలలే ఉందని అందరూ అనుకుంటున్న రోజులు. జపాన్ పురుషుల జూడో జట్టు హెడ్ కోచ్ కోసే ఇనౌయే జట్టు వివరాలు చెప్పడానికి విలేకరుల ముందుకొచ్చాడు. ఇలాంటి సమావేశం ఎలా సాగుతుందో మనకి తెలుసు. పేర్లు చదువుతారు, పతకాలు తెస్తామంటారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ రోజు మాత్రం ఇనౌయే గొంతు మధ్యలోనే పూడుకుపోయింది. జట్టులోకి రాకుండా ఒక్క మెట్టు కింద ఆగిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ అందరి ముందూ ఏడ్చేశాడు.

ఒలింపిక్ స్వర్ణం, మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషి, వంద కిలోల విభాగంలో ప్రపంచాన్ని వణికించినవాడు అలా ఏడవడమేంటి? అది తెలియాలంటే ముందు జూడోలోని ఒక నిబంధన తెలియాలి. ఆ తర్వాత ఇనౌయే బతుకులో ఆ నిబంధన ఎటు వైపు నుంచి తగిలిందో చూడాలి.

ఒలింపిక్ జూడోలో పురుషులకి ఏడు బరువు విభాగాలు: 60, 66, 73, 81, 90, 100 కిలోలు, ఆ పైన బరువుకి హద్దు లేని విభాగం. ఒక్కో విభాగానికి ఒక్కో దేశం నుంచి ఒక్కరే. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి రెండు స్థానాలూ జపాన్‌వే అయినా వెళ్లేది ఒకడే. రెండోవాడు ఇంట్లో కూర్చుని టీవీ చూడాలి.

ఈ నిబంధన పదును తెలుగువాళ్లకి అర్థం కావాలంటే బ్యాడ్మింటన్‌కి రావాలి. 2016 రియోలో మహిళల సింగిల్స్‌లో హైదరాబాద్ అమ్మాయిలు ఇద్దరు ఆడారు. సైనా నెహ్వాల్‌కి ఐదో సీడ్, పీవీ సింధుకి తొమ్మిదో సీడ్. బ్యాడ్మింటన్‌లో ర్యాంకులు బాగుంటే ఒక దేశం నుంచి ఇద్దరికి చోటుంది కాబట్టి ఇద్దరూ వెళ్లారు. సైనా గ్రూపు దశలోనే వెనుదిరిగింది, సింధు రజతం తెచ్చింది. అక్కడ జూడో నిబంధనే ఉండి, ర్యాంకు చూసి ఒక్కరినే పంపాల్సి వచ్చుంటే? ఆ రజతం మన దగ్గర ఉండేది కాదేమో. పుల్లెల గోపీచంద్‌కి ఆ కత్తి మెడ మీద లేదు. జపాన్ జూడో కోచ్‌కి అది నాలుగేళ్లకోసారి, ఏడు విభాగాల్లోనూ, తప్పదు.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. ఇనౌయే 1978లో మియజాకిలో పుట్టాడు. జపాన్ దక్షిణాన, క్యుషు దీవిలో ఉంటుంది ఆ ఊరు. తండ్రి పోలీసు ఉద్యోగి, జూడో గురువు కూడా. కొడుకుకి మొదటి పాఠాలు ఇంట్లోనే. పెద్దయ్యాక తోకాయ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1984 ఒలింపిక్ విజేత యసుహిరో యమషిత బాటలో నడిచినవాళ్లంతా చేరే చోటది. 1999లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. కొన్ని నెలలకే బర్మింగ్‌హామ్‌లో తొలిసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాది సిడ్నీ ఒలింపిక్స్‌లో స్వర్ణం. పతకాలిచ్చే మెట్టు మీద తల్లి ఫొటోని పైకెత్తి పట్టుకున్న ఇనౌయే బొమ్మ ఆ తరం జపాన్‌వాళ్లకి ఇప్పటికీ గుర్తే.

సిడ్నీలో అతను గెలిచిన పోటీలన్నీ ‘ఇప్పోన్’తోనే గెలిచాడు. ఇప్పోన్ అంటే మన కుస్తీ భాషలో ‘చిత్తు’. వేగంగా, బలంగా, పట్టు సడలకుండా ఎదుటివాణ్ణి వీపు నేలకి తగిలేలా పడేస్తే ఆట అక్కడితో సరి, ఇక పాయింట్ల లెక్కే లేదు. ఇనౌయే చిత్తు చేసే పట్టు పేరు ఉచిమాత. ‘తొడ లోపలి భాగం’ అని ఆ మాటకి అర్థం. ఫైనల్లో కెనడావాడు నికొలా గిల్ మీదా అదే వేశాడు.

దాన్ని ఒకసారి నెమ్మదిగా చూద్దాం. ఒక చేత్తో ఎదుటివాడి కాలర్, ఇంకో చేత్తో అతని చొక్కా చెయ్యి. ముందు రెండు చేతులూ కలిసి పైకి లాగుతాయి. ఎదుటివాడి మడమలు నేలనుంచి లేచి, బరువంతా కాలివేళ్ల మీదికి వస్తుంది. ఆ అర క్షణంలో ఇనౌయే గిరుక్కున తిరిగి వీపు అటు పెడతాడు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని ఎదుటివాడి రెండు కాళ్ల మధ్యకి పోనిచ్చి, తొడ లోపలినుంచి పైకి ఊడ్చేస్తాడు. అతని తల కిందికి, కాలు ఆకాశానికి. వంద కిలోల మనిషి గాల్లో ఒక గుండ్రం తిరిగి వీపు మీద పడతాడు. చూసేవాళ్లకి ఇంత తేలికా అనిపిస్తుంది. అయితే ఇందులో ఓ చిక్కుంది. దాడి చేసేవాడు ఒంటికాలి మీద, వీపు తిప్పేసి ఉంటాడు. ఎదుటివాడు కాలు తప్పించాడా, పడేది దాడి చేసినవాడే. ఈ మాట గుర్తుంచుకోండి, 2008లో మళ్లీ పని పడుతుంది.

2001లో మ్యూనిక్, 2003లో ఒసాకా: మరో రెండు ప్రపంచ టైటిళ్లు. బరువుతో నిమిత్తం లేకుండా జరిగే ఆల్ జపాన్ పోటీని 2001 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచాడు. 2004 ఏథెన్స్‌కి జపాన్ జట్టంతటికీ నాయకుడిగా వెళ్లాడు. క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు ఎల్కో వాన్ డెర్ గీస్ట్ అతణ్ణి చిత్తు చేశాడు. కాంస్యానికి దారి ఇంకా తెరిచే ఉంది. అక్కడా అజర్‌బైజాన్ ఆటగాడి చేతిలో చిత్తయ్యాడు. ఖాళీ చేతులతో ఇంటికి. మరుసటి ఏడాది మొదట్లోనే ఛాతీ కుడివైపు కండరం తెగి శస్త్రచికిత్స దాకా వెళ్లింది. కోలుకున్నాక వందకి పైబడిన విభాగానికి మారి, బీజింగ్ కోసం మళ్లీ మొదలుపెట్టాడు.

2008 ఏప్రిల్‌లో ఆల్ జపాన్ పోటీ. బీజింగ్ టికెట్‌కి అదే ఆఖరి గడప. క్వార్టర్ ఫైనల్ చివర్లో ఇనౌయే తన ఉచిమాతకే వెళ్లాడు. కుదరలేదు. కిందపడి, లేవలేక, అదిమిపెట్టిన పట్టులో ఓడిపోయాడు. ఆ విభాగంలో బీజింగ్‌కి వెళ్లింది సతోషి ఇషి, స్వర్ణమూ తెచ్చాడు. అంటే ఎంపిక చేసినవాళ్లు తప్పు చేయలేదు. ఇనౌయే అప్పుడు ఆ గీతకి అవతల నిలబడ్డవాడు, టీవీ చూసినవాడు. పన్నెండేళ్ల తర్వాత పేర్లు చదువుతుంటే గొంతు పట్టేయడానికి ఇదొక కారణమని నా ఊహ. ఊహే, అతను చెప్పాడని కాదు.

ఇక్కడినుంచే అసలు చిక్కుముడి. గొప్ప ఆటగాడు కాబట్టి గొప్ప కోచ్ అవుతాడా?

జపాన్ జూడో చాలాకాలం అవుననే నమ్మింది. పెద్ద పతకం ఉన్నవాడికే కోచ్ కుర్చీ. ఇనౌయేకి ముందు పురుషుల జట్టుని నడిపిన షినిచి షినోహారా ప్రపంచ ఛాంపియన్, సిడ్నీలో రజతం గెలిచినవాడు. అతని కాలంలోనే 2012 లండన్‌లో జపాన్ పురుషులు రెండు రజతాలు, రెండు కాంస్యాలతో సరిపెట్టుకున్నారు. 1964లో జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చాక వాళ్లు ఒక్క స్వర్ణం కూడా లేకుండా తిరిగిరావడం అదే మొదటిసారి. పుట్టింట్లోనే పరువు పోయినట్టయింది. మహిళల జట్టు కోచ్ ర్యూజి సొనోదా కూడా 1993లో ప్రపంచ ఛాంపియనే. లండన్ తర్వాత పదిహేనుమంది క్రీడాకారిణులు అతని మీద జపాన్ ఒలింపిక్ కమిటీకి ఫిర్యాదు చేశారు. శిక్షణ పేరుతో కొట్టడం, తిట్టడం. 2013 మొదట్లో విషయం బయటికి పొక్కింది, సొనోదా తప్పుకున్నాడు. అదే ఏడాది జపాన్ జూడో సమాఖ్య అధ్యక్షుడూ దిగిపోవాల్సొచ్చింది.

ఛాంపియన్ కోచ్‌గా ఎందుకు తడబడతాడో నాకు తోచింది చెబుతాను. తన ఒంట్లో కుదిరింది అందరి ఒంట్లోనూ కుదురుతుందనుకుంటాడు. తాను రోజుకి వెయ్యిసార్లు చేశాడు గనుక అవతలివాడూ చేయాలంటాడు. కుదరకపోతే వీడికి కసి లేదంటాడు. కసి లేదనే మాట నోట్లోంచి వచ్చాక దెబ్బకి ఎంతో దూరం ఉండదు. మన ఊళ్లలో వ్యాయామం మాస్టార్లని, సంగీతం మాస్టార్లని చూసినవాళ్లకి ఇది కొత్త కథేం కాదు.

2012 నవంబరులో ఇనౌయేని పురుషుల హెడ్ కోచ్‌ని చేశారు. వయసు 34. ఆ కుర్చీకి చిన్న వయసే. అయితే ఆట మానేశాక అతను నేరుగా కుర్చీ ఎక్కలేదు. జపాన్ ఒలింపిక్ కమిటీ పంపగా రెండేళ్లు బ్రిటన్‌లో, ఎడిన్‌బరోలోనూ లండన్‌లోనూ ఉండి ఇంగ్లిషు నేర్చుకున్నాడు, ఐరోపావాళ్లు జూడో ఎలా చేస్తారో, ఎలా నేర్పుతారో చూశాడు. అతని వ్యాసంగం మొత్తంలో నాకు ఎక్కువ విలువైనవిగా కనిపించేవి పతకం ఒక్కటీ లేని ఆ రెండేళ్లే. జూడో పుట్టిన దేశంలో పెరిగినవాడు, అది ఇప్పుడు జపాన్ సొత్తు మాత్రమే కాదని కళ్లారా చూసొచ్చాడు. బయట ప్రపంచంలో కుస్తీ, రష్యా సాంబో, జార్జియా చిదావోబా, మంగోలియా బోఖ్ లాంటి పట్టుల విద్యలన్నీ జూడో చొక్కా తొడుక్కుని వస్తున్నాయి. కాలర్ పట్టాల్సిన చోట వాళ్లు నడుమునీ వీపునీ పట్టేస్తున్నారు. అందుకే ఇనౌయే తన ఉచిమాతని అందరికీ రుద్దలేదు. సాంబో లాంటి పరాయి విద్యలని, ఒకినావాలోని స్థానిక సుమోని కూడా తన కుర్రాళ్లకి రుచి చూపించాడు. ఎదుటివాడి పట్టు మన ఒంటికి తెలియాలంటే వాడి విద్య ఒకసారి చేసి చూడాల్సిందే కదా.

జపాన్‌లో జాతీయ కోచ్‌కి ఇంకో ఇరకాటముంది. కుర్రాళ్లు అతనివాళ్లు కాదు. ఒకడు తెన్రి విశ్వవిద్యాలయంవాడు, ఇంకొకడు తోకాయ్‌వాడు, మరొకడు ఫలానా కంపెనీ ఉద్యోగి. ప్రతివాడికీ సొంత గురువున్నాడు. జాతీయ కోచ్ శిబిరాలు పెట్టి కొన్ని రోజులు తెచ్చుకుని, మళ్లీ అప్పగించాలి. ఉమ్మడి కుటుంబంలో కోడలి లెక్క. పనంతా తనదే, మాట చెల్లడం మాత్రం ఎంతమందిని ఒప్పించాడనేదాని మీద ఉంటుంది.

పోటీ జరుగుతుంటే కోచ్‌కి నోరు కూడా లేదు. ఇప్పటి నిబంధనల ప్రకారం చాప అంచున కుర్చీలో కూర్చున్న కోచ్, రిఫరీ ‘మత్తే’ అని ఆట ఆపినప్పుడే మాట్లాడాలి. ‘హజిమే’ అని మళ్లీ మొదలుపెట్టించగానే నోరు మూసుకోవాలి. మీరితే బయటికి పంపించేస్తారు. పురుషుల పోటీ ఒకప్పుడు ఐదు నిమిషాలు, ఇప్పుడు నాలుగు. అందులో కోచ్ వంతుకి వచ్చేవి కొన్ని సెకన్ల ముక్కలు, చెప్పగలిగేవి రెండు మూడు మాటలు. మిగతాదంతా చొక్కా సర్దుకుంటున్న కుర్రాడి చెవిలో అంతకుముందే పడి ఉండాలి.

ఇనౌయే కోచింగ్ తీరు తెలియాలంటే ఒక గుండు కథ చెప్పాలి. 60 కిలోల నవోహిసా తకాతో 2013లో ప్రపంచ ఛాంపియన్. ప్రతిభ మెండు, సమయపాలన సున్నా. 2014లో ఆలస్యాలు మితిమీరడంతో అతణ్ణి జాతీయ జాబితాలో ఒక మెట్టు దించారు. అప్పుడు ఇనౌయే తన తలే గుండు చేయించుకున్నాడు. మనకి గుండంటే తిరుపతి మొక్కు, లేదా ఎవరో మోసం చేశారని అర్థం. జపాన్‌లో అది తప్పు ఒప్పుకోవడం. కుర్రాడి తప్పుకి కోచ్ తలదించాడు. పక్క జట్టులో చెయ్యి చేసుకున్న కోచ్ తప్పుకుని అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. తకాతో రియోలో కాంస్యం, టోక్యోలో స్వర్ణం గెలిచాడు.

2016 రియోలో జపాన్ పురుషులు ఏడుగురూ పతకంతోనే తిరిగొచ్చారు. షోహే ఓనో, మషు బేకర్ స్వర్ణాలు, హిసయోషి హరసావాకి రజతం, మిగతా నలుగురికి కాంస్యాలు. అన్ని విభాగాల్లోనూ పతకాలు రావడం 1964 తర్వాత అదే. అప్పుడున్నవి నాలుగు విభాగాలే. బేకర్ గెలిచిన 90 కిలోల్లోనే మన అవతార్ సింగ్ కూడా దిగాడు. తొలి పోటీలోనే శరణార్థుల జట్టువాడు, కాంగో నుంచి వచ్చిన పొపోలె మిసెంగా చేతిలో ఓడాడు. మనం ఎక్కడున్నామో చెప్పడానికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

టోక్యో ఏడాది వాయిదా పడి 2021లో జరిగింది. పురుషులకి ఐదు స్వర్ణాలు: తకాతో, హిఫుమి అబే, ఓనో, తకనోరి నగాసే, ఆరన్ వుల్ఫ్. ఆ తర్వాత ఇనౌయే కుర్చీ దిగాడు. వచ్చింది కేజి సుజుకి, 2004 ఆల్ జపాన్ ఫైనల్లో ఇనౌయేని ఓడించినవాడు.

మరి ఈ గెలుపంతా ఇనౌయే పుణ్యమేనా? అభిమానులు అలాగే అంటారు. నేను కొంచెం తగ్గించి చెబుతాను. అంతర్జాతీయ సమాఖ్య 2010లో మొదలుపెట్టి 2013కల్లా కాళ్లు పట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. నడుము కింద చెయ్యి వేసి లాగే కుస్తీ ఎత్తులు చాలావరకు పోయాయి. నిటారుగా నిలబడి కాలర్, చెయ్యి పట్టుకుని ఆడే జపాన్ పద్ధతికి అది అచ్చొచ్చింది. టోక్యోలో సొంత గడ్డ అనుకూలం సరేసరి. ఆ కుర్రాళ్ల సొంత గురువుల చెమట ఉండనే ఉంది. అయితే ఇదే నిబంధనల మార్పు మొదలయ్యాకే లండన్‌లో జపాన్ బోల్తా పడింది కదా. గాలివాటం ఒక్కటే చాలదని అదీ చెబుతోంది. నా మటుకు నేను సగానికి పైగా ఇనౌయే ఖాతాలోనే వేస్తాను.

సిడ్నీ ఫైనల్లో అతని ఉచిమాతకి పడిన గిల్ సంగతి ఏమైంది? అతనూ కుర్చీలోకే వచ్చాడు. నాలుగు ఒలింపిక్స్ ఆడి, 1992లో కాంస్యం, 2000లో రజతం గెలిచి, ఆట మానేశాక కెనడా జాతీయ కోచ్ అయ్యాడు. తర్వాత ఆ దేశపు జూడో వ్యవస్థ మొత్తాన్ని నడిపే బాధ్యతలోకి వచ్చాడు. కెనడాలో ఎవరిని వదిలేయాలనే బెంగ ఉండదు, దొరికిందే భాగ్యం అనుకుంటాం. కొన్నాళ్లు అలాగే సాగింది కూడా. ఈలోగా జపాన్‌లో పుట్టి పెరిగిన క్రిస్టా దెగుచి తండ్రి దేశమైన కెనడాకి ఆడడం మొదలుపెట్టింది. జపాన్‌లో వరుస చాలా పొడుగు మరి. కెనడాకి వచ్చి 2019లో 57 కిలోల ప్రపంచ ఛాంపియన్ అయింది. తీరా చూస్తే అదే విభాగంలో, అదే దేశంలో జెస్సికా క్లిమ్‌కైట్ అనే ఇంకో మేటి. టోక్యోకి ఒక్కరే. 2021 జూన్‌లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో క్లిమ్‌కైట్ స్వర్ణం గెలిచింది, దెగుచికి కాంస్యం. వెళ్లింది క్లిమ్‌కైట్, టోక్యోలో కాంస్యం తెచ్చింది. దెగుచి ఇంకో మూడేళ్లు ఆగి, 2024 పారిస్‌లో కెనడాకి జూడోలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. సిడ్నీ ఫైనల్లో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి నెత్తినా చివరికి ఒకటే తగవు పడింది.

మళ్లీ 2020కి వస్తాను. ఆ ఫిబ్రవరి రోజున 66 కిలోల పేరొక్కటి ఖాళీగా ఉండిపోయింది. హిఫుమి అబే, జోషిరో మరుయామా. ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లే. ర్యాంకులు చూసినా, గెలుపులు లెక్కేసినా ఎవరికి మొగ్గాలో తేలని పరిస్థితి. కోవిడ్‌తో పోటీలు ఆగిపోయాయి. చివరికి డిసెంబరు 13న, టోక్యోలో జూడోకి పుట్టినిల్లయిన కోదోకాన్‌లో, ప్రేక్షకులు లేకుండా ఒకే ఒక్క పోటీ పెట్టారు. గెలిచినవాడు ఒలింపిక్స్‌కి. ఓడినవాడు ఇంటికి.

నాలుగు నిమిషాల్లో తేలలేదు. ఆ తర్వాత గోల్డెన్ స్కోర్, అంటే ఎవరు ముందు పాయింటు తెస్తే వాళ్లదే, సమయానికి హద్దు లేదు. పది నిమిషాలు దాటింది, పదిహేను దాటింది, ఇరవై దాటింది. నేను ఆ వీడియో చూస్తూ మధ్యలో లేచి టీ పెట్టుకుని వచ్చాను, వాళ్లింకా కాలర్ కోసం పెనుగులాడుతూనే ఉన్నారు. ఇరవై నాలుగో నిమిషంలో అబే కాలు తగిలించి మరుయామాని వెనక్కి తోశాడు. ఒక్క వాజా-అరి, అంటే ఇప్పోన్‌కి ఒక మెట్టు కింది పాయింటు. అయిపోయింది. ఇద్దరూ ఇనౌయే కుర్రాళ్లే. అంతసేపూ ఏ ఒక్కరి గెలుపూ కోరుకోకూడని మనిషి ఆ హాలంతా వెతికినా అతనొక్కడే.

అబే 2021 జులై 25న టోక్యోలో స్వర్ణం గెలిచాడు. అంతకి నెలన్నర ముందు బుడాపెస్ట్‌లో, క్లిమ్‌కైట్, దెగుచిల తగవు తీరిన ఆ పోటీల్లోనే, 66 కిలోల ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది జోషిరో మరుయామా.